కంటి యద్దపు లోపొర

శుక్లము తీయించుకొన్న కంటికి చూపు రాకపోవుట కొక విచిత్రమైన కారణము కలదు. వైద్యుడు తీయవలసిన శుక్లమును తీసెను. దాని స్థానమున కృత్రిమకాచమును చక్కగా నమర్చెను. చీము పట్టలేదు, పోటు లేదు. అయినను దినములు గడచినకొలది కంటి ముందటి యద్దము నీరుపట్టి యుబ్బి, మసకవారి, పైని పొక్కులు లేచి పగులుచు, శస్త్రమునకు ముందున్నపాటి చూపును గూడ హరించును. అట్టి సమయమున బంధువులు వైద్యుని చేతిని నిందింతురు. వైద్యుడు రోగి వయస్సును కారణముగా జూపును. రోగి తన ప్రారబ్ధమని యూరకుండును. నిజమునకు పెక్కుమారు లా దోషము శస్త్రమునకు పూర్వమే కంటిలో దాగియుండును. అది దాగియుండు తావును పండితులు కనుగొన్న నాటినుండి, దాని జాడ్యమును బ్రతికియున్న మనుష్యుని కంటిలో గుర్తించు నాటికి సుమారు 160 ఏండ్లు గడచినవి. ఆ చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా మాటల గజిబిజిని తొలగింపవలసియున్నది. మన పల్లెలలో కంట తెల్లగా నేది కనబడినను కొందరు పువ్వనియు, కొందరు శుక్లమనియు వ్యవహరింతురు. ఈ రెండును వేరు. పువ్వనునది కంటి ముందటి యద్దమున, అనగా నల్లగ్రుడ్డును గడియారపు టద్దమువలె కప్పియుండు స్వచ్ఛపటలమున నేర్పడు మచ్చ. దీనినే నేటి వైద్యులు కార్నియా యందురు. శుక్లమనునది దానికి వెనుక, పాపకును వెనుక, లోపలనుండు కాచము మసకబారుట. సుశ్రుతసంహితలో ‘శుక్ర’మను పేరు, కొన్ని పాఠములలో ‘శుక్ల’మను పేరు, కృష్ణమండలమునకు వచ్చు రోగమునకు చెప్పబడినది. లోపలి కాచపు మసకకు వా రిచ్చిన పేరు లింగనాశము. కాలక్రమమున తెలుగువారి నోట ముందుపొర పేరు వెనుకటి రోగమున కంటుకొన్నది. పేరు మారినందున నష్టము లేదుగాని, రెండు పొరలును మసకబారి యున్నప్పుడు చూపు తగ్గుట దేనివలననో నిర్ణయించుట వైద్యున కెంత కష్టమో దీనిని బట్టి యూహింపవచ్చును.

స్వచ్ఛపటలము మందము అర మిల్లిమీటరు కంటె కొంచె మెక్కువ. దానియందు రక్తనాళములు లేవు. దానిలోని సన్నని నారలు మగ్గముపై నూలువలె సమదూరమున నేర్పడియుండుటచేతనే వెలుతురు చెదరక లోపలికి పోవును. ఈ నారలకు నీరు త్రాగు స్వభావము మెండు. కంటి లోపలనేమో ఎల్లప్పుడు నీరు నిండియుండును. ఆ నీరు లోనికి చొరబడి నారల యమరికను చెరచకుండ, స్వచ్ఛపటలము వెనుకవైపున ఒకే యొక వరుస కణములు పరచుకొనియుండును. తేనెపట్టు గదులవలె ఆరు మూలలు గలిగి, ఒకదాని నొకటి యొరసికొనియుండు నీ కణములు, ఓడలోనికి ఊరిన నీటిని రేయింబవళ్లు తోడిపోయు కళాసులవలె పనిచేయుచుండును. యౌవనమున చదరపు మిల్లిమీటరునకు సుమారు 3000 కణము లుండును. వయస్సుతో నవి క్రమముగా తగ్గును. మానవునియందు ఇవి చచ్చినచో వాని స్థానమున క్రొత్తవి పుట్టవు. ప్రక్కనున్నవి సాగి ఆ ఖాళీని కప్పును. కణముల సంఖ్య 500 ప్రాంతమునకు దిగినప్పుడు మిగిలినవారు తోడిపోయజాలరు. ఓడలో నీరు నిలుచును. శుక్లశస్త్ర మెంత నేర్పుతో జరిగినను కొన్ని కణములను బలిగొనకమానదు. వేల కణములు గలవానికి అది లెక్కలోనిది కాదు. ముందే దివాలా తీయ సిద్ధముగా నున్నవానికి అదే ప్రమాదము.

శస్త్రమునకు ముందు కంటిని పరీక్షింపవలె నన్న నియమము క్రొత్తది గాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున 17వ అధ్యాయమున కఫజమైన లింగనాశమును శలాకతో తొలగించు విధానము చెప్పబడినది. శలాక పట్టుటకు ముందే, ఎట్టి కంటిని ముట్టరాదో ఆ గ్రంథము చెప్పినది. దృష్టియందలి దోషము అర్ధచంద్రునివలె గాని, చెమటబొట్టువలె గాని, ముత్యమువలె గాని కనబడరాదు. గట్టిపడియు, ఎగుడుదిగుడుగను, నడుమ పలుచనై గాని, చారలు గలదై గాని, పలురంగులదై గాని యుండరాదు. నొప్పి, ఎరుపు నుండరాదు. నేటి మన మిత్రులు కొందరు ఇట్టి చోట్ల చెమటబొట్టను మాటను పట్టుకొని, నేను ముందు చెప్పబోవు బిందురోగమును మనవారు నాడే యెరుగుదురని వాదింపవచ్చును. అది సరి గాదు. ఆ బిందువులు సూక్ష్మదర్శిని లేక కంటికి కనబడునవి కావు. సుశ్రుతుని గౌరవమునకు లేని యూహలను చేర్చ నక్కరలేదు. శస్త్రము తెలిసినవాడు శస్త్రము చేయరాని తావును గూడ తెలిసికొనవలెనన్న వివేకమే యాయన మన కిచ్చినది. అది చాలును.

ఐరోపాలో 18వ శతాబ్దిమధ్యము వరకు శలాకతో శుక్లమును లోనికి త్రోయుటయే యాచారము. 1747లో ఫ్రాన్సుదేశపు జాక్ దవియేల్ స్వచ్ఛపటలము నంచున కోసి శుక్లమును వెలికి తీయు పద్ధతిని ప్రారంభించెను. కంటి యద్దమునే కోయుట యారంభమైన పిదప ఆ యద్దముపై పండితుల దృష్టి నిలిచినది. 1758లో పారిసునందు జాన్ డెసెమే యను వైద్యుడు పరీక్షావ్యాసమొకటి వ్రాసెను. శుక్లమునకు కాచ మొక్కటియే స్థానమా యనునది దాని ప్రశ్న. ఆ వ్యాసమునందే స్వచ్ఛపటలము వెనుకవైపున పలుచని గాజువంటి పొర యొకటి కలదని యాయన వర్ణించెను. అంతకు ముందే ఆంగ్లదేశమున డడెల్ దానిని గుర్తించియుండెనుగాని పేరు డెసెమేకే దక్కినది. శుక్లమును గూర్చి విచారించుచు నొకడు కనుగొన్న పొరయే, తరువాతి కాలమున శుక్లశస్త్రమునకు వచ్చు ముప్పునకు నెలవగుట విధివిలాసము. మనము చెప్పుకొన్న కణముల వరుస ఆ పొరకు లోవైపున నంటియుండును. 1873లో జర్మనీదేశపు థియోడర్ లేబర్, ఈ కణముల వరుసను చెరచినచో కంటిలోని నీరు స్వచ్ఛపటలములోనికి చొచ్చి దానిని ఉబ్బజేయునని ప్రయోగముచే నిరూపించెను. వాకిటి కాపరి యెవరో తెలిసినది. ఆ కాపరికి జబ్బుచేసిన సంగతిని బ్రతికియున్న కంటిలో చూచు నుపాయము మాత్రము లేకుండెను.

1910లో వియన్నా నగరపు సుప్రసిద్ధ నేత్రవైద్యాచార్యుడు ఎర్నెస్టు ఫుక్స్ 13 మంది వృద్ధుల కన్నులను గూర్చి వ్రాసెను. స్వచ్ఛపటలము నడుమ మసక, పైపొర యుబ్బుట, స్పర్శజ్ఞానము తగ్గుట వారియందు సామాన్యలక్షణములు. ఉదయమున చూపు మిక్కిలి మందగించి ప్రొద్దెక్కినకొలది తేరుకొనుటను గూడ నాయన కనిపెట్టెను. ఈ యొక్క సూక్ష్మమైన పరిశీలనకై ఫుక్సునకు నమస్కరింపవచ్చును. కాని రోగము పైపొరదని యాయన తలచి, ఆ యర్థము వచ్చునట్లే దానికి పేరు పెట్టెను. వాకిట నీరు నిలిచినది చూచి వాకిలిదే దోషమనుకొనెనుగాని, పెరటి తూము పూడినదని యెరుగడు. ఆయన చేతనున్న సాధనములతో అంతకంటె లోనికి చూచుట యెవరికిని సాధ్యము గాకుండెను.

ఆ లోటు మరుసటి సంవత్సరమే తీరుటకు మొదలైనది. స్వీడనుదేశపు ఆల్వర్ గుల్‌స్ట్రాండ్ 1911లో హైడెల్బర్గు నగరమున నొక క్రొత్త దీపమును పండితులకు చూపెను. సన్నని చీలికగుండ వెలుతురును కత్తివాదరవలె కంటిలోనికి పంపు యంత్ర మది. చీకటియింటిలో తలుపుసందుగుండ వచ్చిన యెండచారలో దూళికణములు మెరయుట మనమందర మెరుగుదుము గదా. అదే న్యాయమున ఈ వెలుతురుచారలో స్వచ్ఛపటలపు పొరలు వేరువేరుగా తోచును. ఆ సంవత్సరమే ఆయనకు కంటియందు కిరణములు వంగు విధమును గూర్చిన పరిశోధనలకై నోబెల్ బహుమానము లభించినది. తరువాత ఆ దీపమునకు రెండు కన్నులతో చూచు సూక్ష్మదర్శిని జతపరుపబడినది. 1916లో కొప్పె యను జర్మనుడు లోపొరయందు వికారములను చూచెను. 1921లో స్విట్జర్లండుదేశపు ఆల్ఫ్రెడ్ ఫోగ్ట్ వానికి ‘గుట్ట’ యను లాటిను పదముతో నామకరణము చేసెను. మన గుట్టలతో దీనికి సంబంధము లేదు. ఆ భాషలో దానికి బిందువని యర్థము. 1924లో ఆంగ్లేయుడు బాసిల్ గ్రేవ్స్ ఆ బిందువులను గూర్చి విపులముగా వ్రాసెను. అప్పటికి విషయము తేటపడినది. ముందు లోపొర కణములు చెడును. చెడుచు డెసెమే పొరపై పొక్కిళ్లవంటి బిందువులను పేర్చును. తరువాత నీరు చొరబడును. కట్టకడపట ఫుక్సు చూచిన పైపొర పొక్కులు లేచును. కనుకనే నేడు ఫుక్సు పేరు నిలుపుకొనియు, రోగమును లోపొరదిగానే పరిగణించుచున్నారు.

లోపొరను చూచు నుపాయమును ఫోగ్టే చక్కగా నేర్పెను. చెరువుగట్టుపై నిలిచి నీటిని చూచునప్పుడు, ఎండ నీటిపై బడి నేరుగా మన కన్నుల కెదురై వచ్చు నొక్క తావుననే అలల యాకృతి స్పష్టముగా తెలియును. అట్లే దీపమునకును సూక్ష్మదర్శినికిని తగిన కోణము కుదిరిన చోట లోపొర బంగారుఛాయతో మెరసి, కణముల యమరిక తోచును. ఆరోగ్యవంతమైన కంట అది నునుపైన తేనెపట్టు. జాడ్యము గల కంట నడుమనడుమ నల్లని చుక్కలు. జాడ్యము ముదిరినచో కంచరి సుత్తితో కొట్టి నగిషీ చేసిన ఇత్తడిచెంబు. వృద్ధుల కన్నులలో అంచున మాత్రమే ఇట్టి బిందువు లున్నచో భయపడ నక్కరలేదు. అది నరసిన వెంట్రుకవంటి వయోలక్షణము. నడుమ నున్నప్పుడే వైద్యుడు జాగరూకు డగును.

ఇంత తెలిసియుండియు శుక్లశస్త్రజ్ఞులు దీనిని పట్టించుకొనక తప్పని దినములు తరువాత వచ్చినవి. 1949 నవంబరు 29వ తేదీన లండనునందు హెరాల్డ్ రిడ్లీ శుక్లము తీసిన కంట కృత్రిమకాచమును అమర్చుట కారంభించెను. 1967లో అమెరికాదేశపు చార్లెస్ కెల్మన్ శుక్లమును కంపనములచే నలిపి పీల్చివేయు యంత్రమును ప్రవేశపెట్టెను. ఈ రెండును మానవజాతి కెంతటి మేలు చేసినవో చెప్ప నలవిగాదు. కాని తొలినాళ్లలో కాచము లోపొరకు తగిలినంతమాత్రాన కణము లా కాచమున కంటుకొని యూడివచ్చుట 1976లో కాఫ్‌మన్ ప్రభృతులు చూపిరి. 1980 దశకమునకు, కృత్రిమకాచ మమర్చిన పిదప నీరుపట్టి చెడిన కన్నులే అమెరికాలో స్వచ్ఛపటలమును మార్చు శస్త్రమునకు ముఖ్యకారణములలో మొదటిదైనది. ఒక శస్త్రము చేసి చూపు నిచ్చినవారు, ఆ శస్త్రమువలననే మరియొక శస్త్రమునకు దారి తీసినవారైరి.

ఆ సంకటమే కణములను లెక్కించు విద్యను పెంచినది. 1968లో డేవిడ్ మారిస్ లోపొర ప్రతిఫలనమును పెద్దదిగా జూపు సూక్ష్మదర్శినిని నిర్మించెను. 1975లో బోస్టనునందు లేయింగ్ మున్నగువారు దానిని బ్రతికియున్న మనుష్యుల కంటికి పనికివచ్చునట్లు చేసిరి; మరుసటియేడు బోర్న్, కాఫ్‌మన్ లు దానిని చికిత్సాలయమునకు తెచ్చిరి. ఇచ్చట తెలుగువా రొకరి పేరు చెప్పకుండుట న్యాయము గాదు. అమెరికాలో రోచెస్టరునందు పనిచేయుచుండిన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు తమ సహచరులతో గూడి, కాచ మమర్చిన పిదప నీరుపట్టు వ్యాధికిని శస్త్రపూర్వమున లోపొర యున్న స్థితికిని గల సంబంధమును గూర్చి 1984లో వ్యాసము ప్రకటించిరి. కణముల సంఖ్యయే గాక, వాని యాకారమును, అవి యొకే పరిమాణమున నున్నవా లేక చిన్నవి పెద్దవియై యున్నవా యనుటయు చూడవలెనన్న యెరుక ఆ కాలపు పరిశోధనల ఫలము. వారే 1987లో హైదరాబాదునందు ఎల్. వి. ప్రసాద్ నేత్రవిజ్ఞానసంస్థను స్థాపించిరి. 1989లో అచ్చట నేత్రనిధి వెలసినది.

ఇక నేటి వైద్యుడు శుక్లశస్త్రమునకు ముందు దీని నెట్లు పట్టుకొనును? యంత్రముల కంటె ముందు ప్రశ్న కలదు. రెండేండ్ల క్రిందట నా కంటిని పరీక్షించిన వైద్యురాలు, “మాస్టరుగారూ, పొద్దున లేవగానే మసకగా ఉండి, పొద్దెక్కినకొద్దీ తేటపడుతుందా?” యని యడిగెను. నాకు లేదంటిని. ఆమె తృప్తిపడి ముందుకు సాగెను. ఆ ప్రశ్న యెంత లోతైనదో అప్పుడు నాకు తెలియదు, అడిగి తెలిసికొంటిని. లోకాచపు శుక్లము గడియారమును చూడదు. ఉదయమునను సాయంకాలమునను దాని మసక యించుమించుగా నొకటే. స్వచ్ఛపటలమున నిలిచిన నీరు గడియారమును చూచును. రాత్రి రెప్పలు మూసియుండుటచే కంటిపై తడి యారదు, నీరు లోననే నిలుచును. పగలు కన్ను తెరచియుండగా తడి గాలి కారిపోవుచు, కొంత నీటిని వెంటగొనిపోవును. వ్యాధి ముదిరినకొలది ఈ తేటపడు గంట వెనుకకు జరుగుచు, తుదకు దినమంతయు ఉదయమే యగును.

మా ప్రాంతమున నొక వృద్ధురాలు తెల్లవారి పొయ్యి రాజేయుటకు తడుముకొనుచు, మధ్యాహ్నమునకు బియ్యములో రాళ్లేరుచుండెడిది. ఉదయమున పని తప్పించుకొనుటకే యీ గ్రుడ్డితనమని కోడలు విసుగుకొనుచుండెను. ఊరివెలుపల జరిగిన యొక శిబిరమున ఆమెకు శుక్లము తీసిరి. అచ్చటి జనసమ్మర్దములో ఎవరును ఆమె యుదయముల మాట యడుగలేదు. అడుగక చెప్పుట కామెయు నెరుగదు. ఆ కన్ను నీరుపట్టి పోయినది. రెండవ కంటికి మాత్రము, పట్టణమున తగిన పరీక్ష జరిగిన పిదప, తగిన చికిత్స లభించినది. మన దేశమున ఈ ఫుక్సు వ్యాధి ఐరోపావారియందువలె విరివి గాదు. అందుచేతనే దానిని తలచుకొనకుండుట మరింత సులభము. ఇది యేబది దాటినవారియందు, స్త్రీలయందు హెచ్చుగా బయటపడును. కుటుంబములలో తల్లినుండి బిడ్డకు సంక్రమించుటయు కలదు. ఫుక్సు వ్యాధి లేకున్నను, పూర్వము కంటికి శస్త్రము జరిగినవారికి, దెబ్బ తగిలినవారికి, నీటికాసుల పోటు వచ్చినవారికి, లోవాపు కలిగినవారికి కణములు ముందే తరిగియుండవచ్చును.

ప్రశ్న తరువాత చీలికదీపము, దాని తరువాత కొలత. స్వచ్ఛపటలపు మందము సామాన్యముగా 540 మైక్రానుల ప్రాంతముననుండును. మైక్రానన మిల్లిమీటరులో వేయవవంతు. మందము హెచ్చినదన్న నీరు చేరినదని యర్థము. ఒకప్పుడు 600 మైక్రానులు దాటినచో శుక్లమును మాత్రము తీసిన చాలదని యెంచెడివారు. 2005లో సైట్జ్‌మన్, గాట్ష్, స్టార్క్ అను అమెరికా వైద్యులు తమ రోగుల ఫలితములను చూచి ఆ గీటును 640కి జరుపవచ్చుననిరి. కాని గీట్లు గీయుటలో చిక్కు కలదు. పుట్టుకతోనే మందమైన స్వచ్ఛపటలము గలవారుందురు. పలుచనిదానితో పుట్టి, నీరు చేరియు ఆ గీటును దాటనివారును ఉందురు. ఒకేమారు తీసిన కొలత కంటె, ఉదయము నొకమారు, మధ్యాహ్నము నొకమారు తీసిన కొలతలు ఎక్కువ చెప్పును. 2019లో మేయో వైద్యాలయమువారు స్వచ్ఛపటలపు పటములను తీసి, మందమునకు బదులు దాని వంపులయందలి క్రమభంగమును బట్టి కంటికి తెలియని వాపును పట్టుకొనవచ్చునని చూపిరి. ఒక్క సంఖ్యను నమ్ముకొనక పటమును చదువు మార్గ మిది. నాకు సంఖ్యల కంటె నిదియే మేలుగా తోచును. కణములను లెక్కించు యంత్రమునకు గూడ నొక లోపము కలదు. బిందువులు దట్టముగా నున్న నడుమభాగమున కణములు కనబడక లెక్క కందవు. ఎచ్చట లెక్క ముఖ్యమో అచ్చటనే యంత్రము చేతులెత్తును. అప్పుడు వైద్యుని కన్నే శరణ్యము.

దోషము బయటపడిన తరువాత మూడు త్రోవలు. వ్యాధి లేతదైనచో శుక్లము గట్టిపడకముందే, లోపొరకు జిగటద్రవపు కవచము నిండుగా వేసి, జాగ్రత్తతో శుక్లమును మాత్రము తీయుదురు. ఈ జిగటద్రవమును 1980 ప్రాంతమున కోడిపుంజుల జుట్టునుండి తీసి ప్రచారమునకు తెచ్చిరి. తురాయికి ఇంతటి యుపయోగము గలదని కోడికి తెలియదు. వ్యాధి ముదిరినచో శుక్లశస్త్రముతోపాటు లోపొరను గూడ మార్తురు. నడుమ నున్నవారికి, తరువాత లోపొర మార్పవలసి రావచ్చునని ముందే చెప్పి, రోగి సమ్మతితో శుక్లము తీయుదురు. ముందు చెప్పినచో అది వైద్యము. తరువాత చెప్పినచో అది సాకు.

పూర్వము లోపొర చెడిన కంటికి స్వచ్ఛపటలము నంతను కోసి, దాతదానిని కుట్టవలసియుండెను. అట్టి మార్పిడి మొదటిమారు ఫలించినది 1905లో, ఎడ్వార్డ్ జిర్మ్ చేత. కుట్లు, వంకరచూపు, ఏండ్ల తరబడి యెదురుచూపు దానికి తోడుండెను. 1998లో హాలండుదేశపు గెరిట్ మెల్లెస్ వెనుకటి పొరలను మాత్రమే మార్చు పద్ధతిని, 2006లో డెసెమే పొరను కణముల వరుసతో మాత్రమే వేరుచేసి, చుట్టుకొనిన ఆకువలె లోనికి పంపి, గాలిబుడగతో అంటించు పద్ధతిని ప్రకటించెను. డెసెమే 1758లో వర్ణించిన పొర యిట్లు దాతనుండి రోగికి ఒంటరిగా ప్రయాణము చేయుచున్నది.

కణములు మరల పుట్టవన్న మాటకు గూడ జపానుదేశమున నొక సవాలు వచ్చినది. క్యోటోనందు షిగెరు కినోషిటా బృందమువారు దాతకంటి కణములను పాత్రలో పెంచి, లోపొర చెడిన 11 మంది కన్నులలోనికి సూదితో ఎక్కించి, 2018లో ఫలితములను ప్రకటించిరి. ఆ చికిత్సకు జపాను ప్రభుత్వము 2023లో అనుమతి నిచ్చినది. పది లక్షల కణములను ఔషధద్రవములో కలిపి కంటిలోనికి పంపిన తరువాత, అవి తమ బరువుననే దిగి స్వచ్ఛపటలపు వెనుక నంటుకొనుటకై, రోగి 3 గంటలు బోరగిల పండుకొనియుండును.